సోమవారం సోమవారం తెగే తీగ

ఇప్పటి పిల్లలకు కంట్రోల్-సీ అంటే కాపీ. మొన్న మా చెల్లెలి మనవరాలు లాప్‌టాప్‌లో ఏదో ప్రోగ్రాం రాసుకుంటూ, అది ఆగకుండా తిరుగుతుంటే బిక్కమొహం వేసుకుని కూర్చుంది. కంట్రోల్-సీ కొట్టవే అన్నాను. కాపీ చేసుకుని ఏం చేసుకోను అమ్మమ్మా అంది. నేనే వంగి కొట్టాను. తెర మీద పరిగెడుతున్న అంకెలు టక్కున ఆగిపోయాయి. అది నన్ను గారడీ చేసినదాన్ని చూసినట్టు చూసింది. నాకు నవ్వొచ్చింది గానీ, అరవై దాటిన ఈ వయసులో కూడా ఆ ఆగడం చూస్తే నాకూ అలాగే ఉంటుంది.

ఆశ్చర్యం ఎక్కడుందో చెబుతాను. కంప్యూటరు లోపలి చిప్పు సెకనుకు లక్షల పనులు చేసుకుపోతుంటుంది. మీరు వేలితో ఒక కీ నొక్కుతారు. ఆ చిన్న కదలిక ఒక పిలుపై లోపలికి వెళ్తుంది. దాన్నే మావాళ్లు ఇంటరప్ట్ అంటారు. చిప్పు చేతిలో పనిని ఉన్నది ఉన్నట్టు పక్కన పెడుతుంది. ఎక్కడ ఆపిందో గుర్తు రాసుకుంటుంది. పిలిచింది ఎవరో చూసి, సంగతి విని, మళ్లీ ఆపిన చోటికే వచ్చి ఏమీ జరగనట్టు అందుకుంటుంది. పొయ్యి మీద కూర తిప్పుతున్న ఇల్లాలు, గుమ్మంలో ఎవరో పిలిస్తే మంట తగ్గించి వెళ్లి, మాట్లాడి వచ్చి మళ్లీ గరిటె పట్టుకుంటుంది చూశారా, అలాగన్నమాట. పిలుపు ఎప్పుడొస్తుందో ఆమెకు తెలియదు. వచ్చినప్పుడు కూర మాడకూడదు, వచ్చినవాళ్లు గుమ్మంలో పడిగాపులు పడకూడదు. ఈ రెండూ కుదిరేలా ప్రోగ్రాం రాయడం నా ఉద్యోగం. ముప్పై ఏళ్లు చేశాను.

గుంటూరు అరండల్‌పేటలో ఒక మేడమీద మూడు గదుల్లో ఉండేది మా కంపెనీ. పత్తి మిల్లులకు, మిర్చి కోల్డ్ స్టోరేజీలకు, మార్టూరు వైపు గ్రానైటు యూనిట్లకు మిషన్లు నడిపే కంట్రోల్ పెట్టెలు తయారుచేసి ఇచ్చేవాళ్లం. పెట్టె అంటే ఒక రేకు డబ్బా, అందులో ఒక కార్డు, కార్డు మీద ఒక చిప్పు. ఆ చిప్పు ఏం చేయాలో అడుగడుగూ నేను రాసేదాన్ని. ఈ పనికి ఆడమనిషి వచ్చిందంటే మిల్లుల్లో ముందు నా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని చూసేవాళ్లు. ఎవరూ రావడం లేదని ఖాయం చేసుకున్నాక కుర్చీ వేసేవాళ్లు. అందువల్లేనేమో, నా పని మీద నాకు కాస్త పొగరు ఉండేది. కాస్త ఏమిటి, బాగానే ఉండేది.

ఇది చిలకలూరిపేట దారిలో ఒక జిన్నింగ్ మిల్లులో జరిగింది. రైతులు తెచ్చిన పత్తిలోంచి గింజ వేరైపోయి, దూది మాత్రం ఒక పెద్ద హాల్లోకి వచ్చి పడుతుంది. అక్కడ ఉంటుంది ప్రెస్సు. నిలువెత్తుకన్నా లోతైన ఇనప పెట్టె, దాని మీద జానెడు మందాన ఇనప పలక. దూది పెట్టెలో పడుతూ ఉంటే రెండు నిమిషాలకోసారి ఆ పలక కిందికి దిగి తొక్కి, మళ్లీ పైకి పోతుంది. పెట్టె నిండాక గట్టిగా నొక్కి, బద్దీలు బిగించి, ఆ దూది దిమ్మను, అంటే బేలును, బయటికి తీస్తారు. పలక దిగేటప్పుడు దానికి దూదీ ఒకటే, మనిషీ ఒకటే.

అప్పుడప్పుడూ దూది పెట్టె మూలల్లో అట్టకట్టి పట్టేస్తుంది. అలాంటప్పుడు పలకను పైనే ఆపి, పక్క తలుపు తీసి, ఎవరో ఒకరు లోపలికి దిగి కొక్కెంతో లాగాలి. ప్రెస్సు దగ్గర పనిచేసే ఆరుగురు ఆడవాళ్లలో బక్కపల్చగా ఉండే ఒకామె ఆ పని చేసేది. అందరూ పక్క పల్లె నుంచి వచ్చేవాళ్లే. తలకూ ముక్కుకూ గుడ్డ చుట్టుకుంటే కళ్లు తప్ప ఏమీ కనిపించేవి కావు. హాల్లో పక్కనున్నవాళ్ల మాట కూడా వినపడదు కాబట్టి చేతులతోనే మాట్లాడుకునేవాళ్లు. ఆపరేటర్ అద్దాల గదిలోంచి ఎర్ర తువ్వాలు పైకెత్తితే పలక ఆగింది అని. ఆమె కొక్కెం పైకెత్తితే చూశాను, దిగుతున్నాను అని. ఒకరి సైగకు రెండోవాళ్ల బదులు లేకుండా పెట్టెలో కాలు పెట్టడం ఉండేది కాదు.

ఆపరేటర్ వినుకొండ వైపు మనిషి, వెనకటికి లారీ నడిపినవాడు. అతని ముందు మా కంప్యూటరు. దాని వెనక నుంచి రెండు తీగలు హాలు గోడ వెంట వెళ్లి ప్రెస్సు పక్కన మా రేకు డబ్బాలో కలుస్తాయి. మామూలుగా తొక్కుడు పని డబ్బా తనంతట తనే చేసుకుపోతుంది. ఆపరేటర్ కీ నొక్కినప్పుడు మాత్రం కంప్యూటరు ఆ తీగల మీద ఒక సందేశం పంపుతుంది. ఆగు అనో, నడువు అనో. డబ్బా అలాగేనని బదులిస్తుంది.

అతనికి ఒక అలవాటు ఉండేది. ఏ కాస్త అనుమానం వచ్చినా కీబోర్డు మూలనున్న బ్రేక్ కీ కొట్టేవాడు. కొడుతూ కుడికాలితో నేలను గట్టిగా తొక్కేవాడు. లారీ దిగాడు గానీ కాలికి ఆ సంగతి చెప్పలేదు. బ్రేక్ పడగానే ప్రోగ్రాం చేతిలో ఉన్న సందేశాన్ని సగంలో వదిలేసి ఆగు అని పంపేది. ఆ సగం మాటా ఈ మాటా అతుక్కుపోయి, డబ్బాకు అర్థంకాని గోలగా వినపడేది. ఇక ఏం పంపినా తడబడేది. అంతా కట్టేసి మొదటి నుంచి మొదలుపెట్టాలి. మిల్లు వాళ్లు రోజుకు రెండు ఫోన్లు చేసి నా ప్రాణం తోడేసేవాళ్లు.

నాకు ఒళ్లు మండింది. కూర మాడుతోందని గుమ్మానికి గడియ పెట్టాను. అంటే, సందేశం వెళ్తున్నంతసేపూ, దానికి బదులు వచ్చేదాకా, కీబోర్డు పిలుపు ఏదీ వినొద్దని చిప్పుకు చెప్పాను. బదులు రాగానే గడియ తీయాలి. రాయడానికి రెండే మాటలు, చెవులు మూసుకో, చెవులు తెరువు. ఫోన్లు ఆగిపోయాయి. బదులే రాకపోతే గడియ ఎవరు తీస్తారన్న ప్రశ్న నాకు తట్టలేదు. పైగా, ఆగు నొక్కగానే ఆపరేటర్‌కు ధీమాగా ఉంటుందని, ఆగింది అని తెర మీద పెద్ద ఇంగ్లీషు అక్షరాలు వచ్చేలా పెట్టాను. బదులు వచ్చాక కాదు, నొక్కగానే.

ఉన్నపళంగా ఆపే ఎర్ర బటన్ లేదా అని మీలో తెలిసినవాళ్లు అడుగుతారు. ఉంది. పెట్టె తలుపు తీస్తే ప్రెస్సు ఆగిపోయే స్విచ్చి కూడా ఉంది. దూది దుమ్ము చేరి అవి ఊరికే పని ఆపేస్తున్నాయని మిల్లు ఎలక్ట్రీషియన్ వాటిని ఎప్పుడో పక్కకు తప్పించేశాడు. ఆ సంగతి నాకు తెలుసు. మా డబ్బా గొడవ కాదు కదా అని చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

ఇక మా మాస్టారి గురించి చెప్పాలి. మా ఆఫీసులో తీగలు వేయించే పని చూసే పెద్దాయన. టెలిగ్రాములు పంపే తంతి ఆఫీసులో జీవితమంతా పనిచేసి రిటైరయ్యాక మా దగ్గరికి వచ్చాడు. అందరం తంతి మాస్టారు అనేవాళ్లం. కంప్యూటరు ముట్టుకునేవాడు కాదు. టీ వచ్చేలోపు బల్ల మీద వేళ్లతో టకటకలాడిస్తూ ఉంటే, అది ఊరికే ఆడించడం కాదని, తంతి టకటకల భాషలో ఎదురుగా ఉన్న మా గురించి ఏదో అంటున్నాడని నాకు గట్టి అనుమానం ఉండేది.

ఆ ప్రెస్సు డబ్బా తయారవుతున్న రోజుల్లో ఆయన వచ్చి నా బల్ల పక్కన నిలబడ్డాడు.

"అమ్మాయ్, తీగ తెగితే మీ చిప్పు ఏం చేస్తుంది?"

ఏమీ చేయదు మాస్టారూ, తర్వాతి మాట కోసం ఎదురుచూస్తుంది అన్నాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తంతి తీగలో ఎప్పుడూ కరెంటు ఉండేదట. అవతల ఊళ్లో మనిషి ఆపకుండా కొట్టేస్తున్నాడు, ఇవతల రాసుకునేవాడికి అందడం లేదు. కేక వేస్తే వినపడదు. అందుకని ఇవతలివాడు తన దగ్గర తీగను విడదీసేవాడట. కరెంటు పోయేసరికి అవతలివాడి చెయ్యి ఆగిపోయేది. వీడేదో చెప్పాలనుకుంటున్నాడని తెలిసేది.

"తీగ తెగడం కూడా ఒక మాటేనమ్మా. అన్నిటికన్నా పెద్ద మాట. అది వినడం నేర్పు దానికి."

నిజానికి ఇందులో నాకు తెలియనిది లేదు. మా ప్రెస్సు తీగల్లోనూ కరెంటు ఎప్పుడూ ఉంటుంది. అక్షరాలు పంపడమంటే ఆ కరెంటును లిప్తకాలం ఆపుతూ, ఇస్తూ ఉండడమే. ఏ అక్షరంలోనైనా కరెంటు పోయి ఉండే సమయానికి ఒక హద్దుంది. ఆ హద్దు దాటి ఇంకా రాలేదంటే అది అక్షరం కాదు. ఏ మాటతోనూ పొరబడడానికి వీల్లేదు. పుస్తకాల్లో దాని పేరు బ్రేక్ సిగ్నల్. నేను చదివిన చోట దానికి నాలుగు లైన్లు కేటాయించారు. ఆ నాలుగు లైన్ల వెనక ఇలాంటి మనుషులు, ఇన్ని ఊళ్లు, ఇంత తొందర ఉన్నాయని నాకు ఆయన చెప్పేదాకా తెలియదు. తెలిసినా ఆ రోజు ఒప్పుకునే గుణం నాది కాదు. ఆయన నస భరించలేక డబ్బా చిప్పులో పది లైన్లు రాశాను. కరెంటు ఆ హద్దు దాటి పోతే, ఏ పనిలో ఉన్నా వదిలేసి, పలకను ఉన్నచోటే కట్టేయమని. రాశాను గానీ నడిపి చూడలేదు. చూశానని రిజిస్టర్‌లో సంతకం పెట్టాను.

ఆడవాళ్లు నిలబడే చోట తీగకు ఒక అతుకు పెడతానమ్మా, చేతికి అందేలా, అని కూడా అన్నాడు ఆయన. డ్రాయింగులో తీగ మొత్తం పైపులోనే ఉంది, అతుకులు ఒప్పుకోను అన్నాను. సరే అన్నాడు. ఆయన సరే అంటే వినలేదని అర్థమని నాకు అప్పటికి తెలియదు. ప్రెస్సు నడవడం మొదలైన కొన్నాళ్లకే మోకాళ్ల నొప్పులని మా దగ్గర మానేసి చిలకలూరిపేటలో ఇంటి పట్టున ఉండిపోయాడు.

ఆ పత్తి సీజను మధ్యలో మిల్లు నుంచి కంప్యూటరు రాసిపెట్టిన లోపాల చిట్టా తెప్పించి చూశాను. లైను తెగింది అని ఉంది. వారానికి ఒక్కసారి. సోమవారం, ఉదయం ఎనిమిదింబావుకి అటూ ఇటూ. ప్రతి సోమవారం! నేను రెండు రోజులు ఆలోచించి ఒక సిద్ధాంతం కనిపెట్టాను. ఆదివారం మిల్లుకు సెలవు కాబట్టి మిషన్లన్నీ చల్లబడతాయి, సోమవారం మొదటి అదురుకు ఎక్కడో వదులుగా ఉన్న అతుకు ఊడి మళ్లీ కూర్చుంటోంది. ఎంత తెలివి! తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు, దాన్నే పట్టుకుని కూర్చున్నాను. పేటలో మాస్టారిని ఒక్క మాట అడగాలని కూడా తోచలేదు. వైరు కట్టరు, టేపు, మూరెడు పైపు ముక్క సంచిలో వేసుకుని ఒక గురువారం పొద్దున్నే బస్సెక్కాను. దారి పొడుగునా కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్నాయి. బస్సులో సగంమంది తుమ్ముతూనే ఉన్నాం.

మిల్లులో తీగ వెంట చూసుకుంటూ వెళ్లాను. ప్రెస్సు పక్క స్తంభం దగ్గర పైపు మూరెడు మేర కోసేసి ఉంది. అక్కడ తీగను తెంపి, రెండు కొసలకూ రెండు ఇత్తడి కొక్కేలు బిగించి, ఒకదానికొకటి తగిలించారు. ఛాతీ ఎత్తున, శుభ్రంగా, పాత గుడ్డ చుట్టి. ఆ పనితనం ఎవరిదో చూడగానే తెలిసింది. ఒప్పుకోనని చెప్పినా పెట్టాడని కోపం వచ్చింది. నా సిద్ధాంతం నిజమైందని అంతకు మించి సంబరం వేసింది.

ఆ ఆరుగురిలో ప్రెస్సు చుట్టూ రాలిన దూది ఊడ్చే పెద్దామె చీపురు పట్టుకుని వచ్చి నా పక్కన నిలబడింది. చెవి దగ్గరికి వంగి, దాన్నేం చేస్తారమ్మా అని అడిగింది. ఈ కొక్కేలు తీసేసి గట్టిగా కలిపి పైపులో మూసేస్తానన్నాను. ఆమె ఆ కొక్కేల వైపు ఒకసారి చూసింది. ఊడ్చాల్సింది అటువైపు ఉన్నా, ఆ స్తంభం దగ్గర్నుంచి మాత్రం కదల్లేదు. నేను ఆపరేటర్ గదికి వెళ్లి ప్రెస్సు కాసేపు ఆపమని అడిగాను.

"ఈ బేలు అయిపోనీయండి మేడం. మూల పట్టేసింది, ఆమెను దింపి లాగిస్తాను," అన్నాడు.

ఆగు నొక్కాడు. తెర మీద ఆగింది అని పెద్ద అక్షరాలు. పలక పైనే ఉంది. తువ్వాలు పైకెత్తాడు. బక్కామె కొక్కెం పైకెత్తింది, తలుపు తీసుకుని పెట్టెలోకి దిగింది. మోకాళ్లు దాటి దూది. మాకు వీపు పెట్టి మూలలో లాగడం మొదలుపెట్టింది.

అదే క్షణంలో మిల్లులో ఎక్కడో పెద్ద మోటారు మొదలై ఉంటుంది, తీగ మీద మా సందేశం చెడిపోయి ఉంటుంది. తర్వాత నెల రోజులు కూర్చుని నేను తేల్చుకున్న సంగతి ఇది. ఆగమన్న మాట డబ్బాకు చేరనే లేదు. చేరని మాటకు బదులు ఎక్కడిది? బదులు కోసం నా ప్రోగ్రాం చెవులు మూసుకుని ఎదురుచూస్తోంది. తెర మాత్రం ఆగింది అంటోంది. డబ్బాకు ఇవేమీ తెలియవు. రెండు నిమిషాలు అయ్యాయి కాబట్టి అది తన పని మొదలుపెట్టింది. పలక దిగసాగింది.

ముందు చూసింది నేనే. పలక వైపు వేలు చూపించాను. ఆపరేటర్ బ్రేక్ కొట్టాడు. మళ్లీ కొట్టాడు. తర్వాత అరచేత్తో కీబోర్డు మొత్తం బాదాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది. ఆ చెవులు మూసింది నేనని, ఏ లైనులో మూశానో ఆ లైను నంబరుతో సహా నాకు ఆ క్షణంలో కళ్లముందు కనపడింది. అతను రెండు కాళ్లతోనూ నేలను తొక్కుతున్నాడు. మెయిన్ స్విచ్చి హాలు అవతల బయటి గదిలో ఉంది. నేను అద్దం మీద కొడుతూ అరిచాను. ఆ హోరులో నా అరుపు నాకే వినపడలేదు. ఆమె వెనక్కి తిరగలేదు. పలక ఆమెకు రెండు మూరల ఎత్తులో ఉంది.

స్తంభం దగ్గర పెద్దామె చీపురు వదిలేసింది. తొందరపడినట్టు కూడా కనిపించలేదు. అతుకు మీది గుడ్డ తీసి, ఇత్తడి కొక్కేన్ని పట్టుకుని కిందికి ఒక్క లాగు లాగింది.

పలక ఆగింది.

ఇన్నేళ్లలో ఎన్నో మిషన్లు ఆగడం చూశాను. అలా ఆగడం ఇంకెప్పుడూ చూడలేదు. మిల్లంతా హోరెత్తుతూనే ఉంది, ఆ ఒక్క పెద్ద ఇనుము మాత్రం గాలిలో కదలకుండా నిలబడింది. ఆ క్షణాన ఆ తీగలో ఏమీ లేదు. అక్షరం లేదు, కరెంటు లేదు. ఆ లేకపోవడాన్ని రేకు డబ్బాలో గోరంత చిప్పు విన్నది. చేతిలో పని ఉన్నది ఉన్నట్టు వదిలేసింది.  దేవుణ్ని నమ్మేవాళ్లకు గుళ్లోనో చర్చిలోనో ఏమవుతుందో నాకు అంతగా తెలియదు గానీ, నాకు అయింది అదేననుకుంటాను.

బక్కామెకు అప్పటికి గానీ తెలియలేదు. మీద చీకటి పడిందేమిటా అని తలెత్తి, మూరెడు ఎత్తులో పలకను చూసి, వంగి తలుపులోంచి బయటికి జారి అలాగే నేలమీద కూర్చుండిపోయింది. నేను వెళ్లేసరికి మిగతావాళ్లు చుట్టూ చేరి ఒంటి మీది దూది దులుపుతున్నారు. ఆమె ప్రభువే ఆపాడు, ప్రభువే ఆపాడు అంటోంది. నేను కాదనలేదు. కాదని ఎవరి పేరు చెప్పగలను? నేనూ ఆమె పక్కనే కూర్చున్నాను.

పెద్దామె చేతిలో కొక్కెం ఇంకా అలాగే ఉంది. నన్ను చూసి, ఏదో తప్పు చేసినట్టు చెప్పుకుంది.

"ఇయ్యాల సోమారం కాదు గదమ్మా. అయినా లాగేశాను."

సోమవారం ఏమిటని అడిగాను. అడిగానే గానీ, అడుగుతుండగానే నా మూడు కాళ్ల కుందేలు నన్ను చూసి నవ్వడం మొదలుపెట్టింది. ప్రతి సోమవారం పని మొదలవకముందు పెద్దాయన పేట నుంచి వస్తాడట. ఆపరేటర్‌ను ఖాళీ పెట్టె మీద పలక దింపమంటాడట. ఆరుగురిలో వంతు ప్రకారం ఒకరు తీగ లాగాలి. పలక ఆగిందో లేదో అందరూ చూడాలి. ఆగితే తగిలించి పని మొదలుపెట్టాలి. మోకాళ్ల నొప్పులతో బస్సెక్కలేనని మా ఉద్యోగం మానేసిన మనిషి, ప్రతి సోమవారం బస్సెక్కి వచ్చాడు.

నేను నడపకుండానే నడిపానని సంతకం పెట్టిన పది లైన్లను ఈ ఆరుగురూ వారం వారం నడిపి చూస్తున్నారు. ఆ పరీక్షను లోపం అనుకుని, సరిచేయడానికి కట్టరుతో వచ్చింది నేను. ఆపరేటర్ ఈ బేలు అయిపోనీయండి అనకపోయి ఉంటే అప్పటికే సరిచేసి ఉండేదాన్ని. 

ఆ మధ్యాహ్నమే మిల్లు యజమాని దగ్గర నా తప్పు ఒప్పుకున్నాను. ఎర్ర బటనూ తలుపు స్విచ్చీ బాగుచేయకుండా డబ్బాకు కరెంటు ఇవ్వనని కూడా చెప్పాను. సీజను మధ్యలో ఇదేం పేచీ అని ఆయన చిరాకుపడ్డాడు. ఆడవాళ్లు ఆరుగురూ గది బయట వచ్చి నిలబడేసరికి ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాడు. ప్రోగ్రాం మొత్తం మళ్లీ రాశాను. గడియ పెట్టడం మానేశాను. పిలుపు ఎప్పుడొచ్చినా వినడం, విన్నట్టు గుర్తు పెట్టుకోవడం, చేతిలో సందేశం పూర్తికాగానే దాని సంగతి చూడడం. బదులు కోసం ఎదురుచూపుకు ఒక హద్దు. బదులు వచ్చాకే తెర మీద ఆగింది అన్న మాట. మీరు ఇలాంటివి రాసే ఉద్యోగంలో ఉంటే ఈ నాలుగు వాక్యాలు ఒకటికి రెండుసార్లు చదవండి. నాకు ఇవి ఎవరూ చెప్పక కాదు, నేనే వినలేదు.

సాయంత్రం పేటలో మాస్టారి ఇంటికి వెళ్లాను. వరండాలో కూర్చుని మోకాళ్లకు నూనె రాసుకుంటున్నాడు. జరిగింది చెప్పాను. నూనె చేతులు అలాగే ఒళ్లో పెట్టుకుని విన్నాడు. ఆ పది లైన్లు నేను నడిపి చూడలేదని మీకు తెలుసా మాస్టారూ, అందుకే వెళ్లేవారా అని అడిగాను.

"చూశానని సంతకం పెట్టావు గదమ్మా. నీ సంతకం మీద అనుమానమై కాదు," అన్నాడు. "వాళ్ల చేతికి అలవాటు కావొద్దూ?"

ఆయనకు నిజంగా తెలియదో, తెలిసి నన్ను కాపాడాడో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. ఆయన పోయి చాలా కాలమైంది.

తర్వాతి సోమవారం పొద్దున్నే నేనూ మిల్లుకు వెళ్లాను. మిషన్లు ఇంకా మొదలవలేదు. మాట వినపడేంత నిశ్శబ్దంగా ఉంది హాలు. గుడ్డలు ఇంకా చుట్టుకోలేదు కాబట్టి ఆరుగురి మొహాలూ మొదటిసారి చూశాను. మాస్టారు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఆ వారం లాగాల్సింది బక్కామె. ఆమె స్తంభం దాకా వెళ్లి ఆగి, నావైపు తిరిగింది.

"నా వంతు మేడంగారికి ఇస్తన్నా. లాగండమ్మా."

వద్దు, నువ్వే లాగు అన్నాను. మాస్టారు బల్ల లేదు కాబట్టి తన మోకాలి మీదే వేళ్లు టకటకలాడిస్తున్నాడు. ఎవరూ నన్ను తప్పించేటట్టు లేరు. వెళ్లి గుడ్డ తీసి కొక్కెం పట్టుకున్నాను. చేతికి చల్లగా తగిలింది. ఆపరేటర్ పలక దింపాడు. నా చిప్పు, నా లైన్లు, నా డ్రాయింగు, అన్నీ నావే. అయినా ఎప్పుడు లాగాలో నాకు తెలియలేదు. పలక సగం దిగేదాకా బక్కామె నన్ను కళ్లతోనే ఆపింది, తర్వాత తలూపింది. లాగాను.

పలక ఆగింది. అందరూ తలెత్తి చూశారు, నేనూ చూశాను. చూస్తూ ఉండిపోయాను. నా చేతిలోంచి కొక్కెం తీసుకుని ఆమే మళ్లీ తగిలించి, గుడ్డ చుట్టింది.

"అంతేనమ్మా," అంది. "ఇంక మీక్కూడా వచ్చేసినట్టే."